వేసవి చొక్కాలు

అక్టోబరు 19

పిచ్చుకా,

ఇకనుంచి ఉత్తరాలు ఇంటికి రాయకు. కవరు వెనక నేను పనిచేసే డ్రైక్లీనింగ్ షాపు అడ్రసు వేశాను, దానికే రాయి. ఇంట్లో ఫోను మీ అన్నయ్య కుర్చీ పక్కనే ఉంటుంది. మోగితే ఆయనే ఎత్తుతారు, టపా వస్తే ఆయనే విప్పుతారు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా? వంటింట్లో పంచదార డబ్బా కూడా తనిఖీకి వెళ్లి వస్తోంది.

నువ్వు అడిగినదానికి ముందు జవాబు. పొట్టలో గడ్డ ఉన్నమాట నిజమే. డాక్టరు ఆయనకీ చెప్పారు, నాకూ చెప్పారు. ప్రస్తుతానికి మందులు ఇచ్చారు. ఇంకా ఏవో పరీక్షలున్నాయట, అవి వచ్చాక ఆపరేషన్ సంగతి తేలుస్తారట. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయన మనిషి మనిషిలో లేరు. గడ్డం గీసుకోవడం మానేశారు. పళ్లెంలో చెయ్యి పెట్టి ఎటో చూస్తుంటారు. రోజూ చూసే నాకే భుజాల ఎముకలు కొత్తగా కనిపిస్తున్నాయి, అంత చిక్కిపోయారు.

ఇప్పుడు అసలు సంగతి. చలి మొదలైంది, బీరువా మార్చే రోజు దగ్గరపడింది. మీ ఇంట్లో ఆ తతంగం నాకంటే నీకే బాగా తెలుసు. ట్రంకుపెట్టె అటక మీంచి దిగాలి, వేసవి బట్టలు అందులోకి పోవాలి, చలిబట్టలు బీరువాలోకి రావాలి. ఒక్కొక్కటీ మీ అన్నయ్య తొడుక్కుని అద్దం ముందు నిలబడితే కానీ హ్యాంగరు ఎక్కకూడదు. అందులోనూ ఆ బూడిదరంగు ఉన్ని కోటు! మధ్య గుండీ పెట్టుకుని, దాని కింద రెండు వేళ్లు దూర్చి చూసి, "ఊఁ, నిరుడెంతో ఇప్పుడూ అంతే" అంటేనే ఆ ఏటికి ఆయన బాగున్నట్టు లెక్క. "ఈ లోకంలో త్రాసులన్నీ అబద్ధాలాడేవే. నేను పట్టుకున్నవే బోలెడు. నిరుటి కోటు ఒక్కటే నిజం చెబుతుంది" అని ఆయన మాట. కాపురానికి వచ్చిన కొత్తలో నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

ఈసారి ఆ కోటు నిజం చెబితే ఏం గాను? రెండు వేళ్లు కాదు, పిడికిలి దూరుతుంది. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ పోతుంది.

అందుకని ఒక పని చేశాను. ఆయన ఆఫీసు ప్యూనును తోడు తీసుకుని రక్తపరీక్షకు వెళ్లిన పూట, ట్రంకు దింపించి కోటు షాపుకి పట్టుకుపోయాను. ఊళ్లోవాళ్ల కోట్లు బిగించడం, వదులు చేయడమే కదా నా పని. లైనింగు విప్పి పక్క కుట్లూ, వీపు కుట్టూ, భుజాలూ లోపలికి పట్టాను. గుడ్డ కత్తిరించలేదు. లోపలే మడిచి ఉంచాను, ఒళ్లు మళ్లీ వస్తే విప్పేయొచ్చని. ప్యాంట్లూ అంతే. ఇస్త్రీ చేసి తెచ్చి, మళ్లీ ట్రంకులో పెట్టి, పైన కలరా ఉండలు చల్లేశాను. వేసవి చొక్కాలు మాత్రం ఉతికించాలని చెప్పి ఇంకా షాపులోనే ఉంచాను.

తప్పు చేశానంటావా? ఉన్నదున్నట్టు రాయి.

మీ వదిన

&nbsp;

అక్టోబరు 27

వదినా,

తప్పేమిటి, నీ చేతులు బంగారం కాను! ఊళ్లో వ్యాపారులంతా ఏకమై ఇన్నేళ్లుగా చేయలేని పని నువ్వు ఒక్క పూటలో చేశావు. ఇన్‌స్పెక్టరుగారి కళ్లల్లో దుమ్ము కొట్టావు. చదువుతూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. మా వంటమనిషి వచ్చి ఏమైందమ్మా అంటే ఉల్లిపాయలన్నాను. చేతిలో ఉల్లిపాయ లేదని ఆవిడకీ తెలుసు.

చిన్నప్పుడు అన్నయ్య నన్ను కనిపించిన త్రాసునల్లా ఎక్కించేవాడు. ముల్లు చూసి "పిచ్చుక అంతే ఉంది" అని దింపేవాడు. ఆ పేరు ఇప్పటికీ వదల్లేదు. ఈ పిచ్చుకేమో హాస్టల్ స్టోరు గదిలోకి పక్కకి తిరిగి దూరుతోంది. ఒక్కసారి వచ్చి వాడి పక్కన కూర్చోవాలని ప్రాణం కొట్టుకుంటోంది వదినా. కానీ ఇక్కడ పిల్లలకి వరసగా తట్టు. ఒక గది లేస్తే ఇంకో గది పడుతోంది. వార్డెన్‌ని నేనే కదిలితే వాళ్లకి దిక్కు లేదు.

ఒక్కటి మర్చిపోయావు, బెల్టు! వాడు ఎప్పుడూ ఒకే బొక్కకి పెడతాడు, అక్కడ తోలు అరిగి గీత పడి ఉంటుంది. ఇప్పుడు ఇంకో బొక్కకి జరపాల్సి వస్తే నీ పనంతా బయటపడుతుంది. కొస వైపు ముట్టుకోకు. బకిల్ ఊడదీసి, ఆ వైపు కత్తిరించి, మళ్లీ బిగించు. గీత గీత దగ్గరే ఉంటుంది. ఇన్‌స్పెక్టరు చెల్లెల్ని మరి, నాకూ ఆ మాత్రం దొంగ తెలివి ఉంది.

నువ్వు వాడి ధైర్యం నిలబెట్టు. మిగతాది డాక్టరు చూసుకుంటాడు.

నీ పిచ్చుక

&nbsp;

నవంబరు 8

పిచ్చుకా,

బెల్టు నువ్వు చెప్పినట్టే చేశాను. మొన్న ఆదివారం బీరువా మార్చాం. కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. నేను స్వెట్టర్లు మడుస్తున్నట్టు నటిస్తూ, మడిచిందే మళ్లీ మడిచాను. గుండీ పెట్టుకున్నారు, వేళ్లు దూర్చారు. తీసి ఇంకోసారి దూర్చారు. తర్వాత "ఏమోయ్, ఇటు చూడు. నిరుడెంతో ఇప్పుడూ అంతే!" అన్నారు. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో! ఆ పూటే గడ్డం గీసుకున్నారు. రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. కోటు విప్పకుండానే వీధి చివరిదాకా నడిచి, పండ్ల దుకాణం వాడి కాటా మీద వేలు పెట్టి చూసి వచ్చారు. నేను చేసిన పనికి నాకు నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం మూడు రోజులు నిలవలేదు. పరీక్షలన్నీ వచ్చాయి. ఆపరేషన్ చేయాలి, అదీ ఈ నెల దాటకుండా చేయాలి, ఒంట్లో శక్తి ఉన్నప్పుడే చేస్తే బతికే దారి ఉంది అన్నారు డాక్టరు. "బరువు బాగా తగ్గారు, ఇంకా ఆగితే తట్టుకోలేరు" అన్నారు. అంతే, మీ అన్నయ్య లేచారు.

"ఏ త్రాసు మీద చూశారండీ?"

నర్సు చూపించింది. ఆయన దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, అటు తిప్పి ఇటు తిప్పి, "దీనికి ముద్ర గడువు ఎప్పుడో దాటిపోయింది. సెలవులో ఉన్నాను కాబట్టి వదిలేస్తున్నాను" అన్నారు. తర్వాత డాక్టరు ముందు నిలబడి కోటు గుండీ కింద వేళ్లు దూర్చి చూపించారు. "నిరుటి కోటు ఇది. చూడండి. తగ్గినవాడికి ఇలా ఉంటుందా? ఇది వదులైన రోజున నేనే వచ్చి మీ బల్లమీద పడుకుంటాను."

డాక్టరు కోటు వైపు చూశారు, నా వైపు చూశారు. నేను నేల చూశాను. నోరు మెదపలేదు పిచ్చుకా. అక్కడే చెప్పేయాల్సింది. చెబితే ఇక నా చేతి మందు కూడా నమ్మరేమోనని భయం. చెప్పకపోతే ఆపరేషన్‌కి రారు. ఇంటికి వచ్చేదాకా ఆయన ఈల వేస్తూనే ఉన్నారు.

నువ్వు చెబితే కాదనరు. ఫోను చేసి, ఒట్టు వేయించుకుని అయినా సరే, ఒప్పించు. అప్పటికీ వినకపోతే నేనే కుట్లు విప్పి చూపిస్తాను.

మీ వదిన

&nbsp;

నవంబరు 17

వదినా,

కుట్లు విప్పకు! ముందు ఇది పూర్తిగా చదువు.

నిన్న ఫోను చేశాను. ఒప్పించాలని గట్టిగా అనుకునే చేశాను. వాడు నన్ను మాట్లాడనిస్తేగా! కోటు సరిపోవడం కాదు, ఇప్పుడు బిగుతైందట. మధ్య గుండీ లాగుతోందట. "మీ వదిన తిండి అలాంటిది" అని ఒకటే నవ్వు.

కాస్త ఆలోచించు వదినా. ఆ కోటు నిరుటి కొలతకి లేదు. నువ్వు వాడి చిక్కిన ఒంటికి బిగించావు. చిక్కిన ఒంటికి కుట్టిన కోటు బిగుతైందంటే వాడు ఒళ్లు చేస్తున్నట్టే కదా? మందులు పనిచేస్తున్నాయి. వాడికి చెప్పింది అబద్ధం కావచ్చు, మనకి మాత్రం కోటు నిజమే చెబుతోంది.

అందుకే నేను ఆపరేషన్ మాట నొక్కి అనలేకపోయాను. "సరేలే అన్నయ్యా, ఇంకొన్నాళ్లు చూద్దాం" అన్నాను. మా వంటమనిషి భర్త ఇలాంటి ఆపరేషన్‌కే నడిచి వెళ్లాడు, నడిచి రాలేదు. కోలుకుంటున్న మనిషిని కోయించడం దేనికి? కుట్ల సంగతి ఇప్పుడు చెప్పి వాడి మనసు విరవకు.

తట్టు కాస్త తగ్గుముఖం పట్టింది. ఇక్కడ పెద్ద పిల్లలు స్వెట్టర్లకి కొట్టుకుంటున్నారు, చిన్నవాళ్లు అసలు వేసుకోనే వేసుకోం అంటున్నారు. నేను నిన్న కంటినిండా నిద్రపోయాను.

నీ పిచ్చుక

&nbsp;

నవంబరు 25

పిచ్చుకా,

నీ నోట్లో పంచదార పోయాలి. ఉత్తరం చదివి ఇంటికి పరుగెత్తి, ఏదో దుమ్ము దులుపుతున్నట్టు ఆయన గుండీ కింద నా వేలే దూర్చి చూశాను. నిజమే, దూరలేదు! నాకు ఈ ఆలోచన ఎందుకు తట్టలేదో. భయం మనిషిని మొద్దుని చేస్తుంది.

నిన్న కోటు షాపుకి తెచ్చి పక్క కుట్లు ఒక వేలెడు వదులు చేశాను. ఎంత సంతోషంగా కుట్టు విప్పానో నీకు చెప్పలేను. ఇంకా వదలాల్సిన గుడ్డ లోపల బోలెడుంది, ఒక్కొక్క వేలే వదులుకుంటూ పోతాను. చేతులూ కాళ్లూ ఇంకా సన్నగానే ఉన్నాయనుకో. పొట్ట దగ్గరే ముందు వచ్చింది. మగవాళ్లకి వచ్చేది ముందు అక్కడే కదా. తిండి మాత్రం మళ్లీ కాస్త తగ్గించారు, కడుపు నిండుగా ఉందంటున్నారు.

షాపులో పని మీద పని. ఉంటాను.

మీ వదిన

&nbsp;

డిసెంబరు 21

పిచ్చుకా,

అది ఒళ్లు కాదు, నీరు.

పొట్టలో నీరు చేరింది. ఊపిరి ఆడక ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు చొక్కా ఎత్తి చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయారు. సూది పెట్టి బకెట్టులోకి తీశారు. గడ్డ కాలేయానికి పాకిందట. ఇప్పుడు కోసినా ఉపయోగం లేదట. పోయిన నెల వచ్చి ఉంటే అన్నారు, అని ఆపేశారు.

ఇంటికి వచ్చే రోజు కోటు తొడుక్కున్నారు. నీరు పోయిన ఒంటి మీద అది, నేను బిగించిన కోటే, చిలక్కొయ్యకి తగిలించినట్టు వేలాడింది. ఆయన గుండీ కింద వేళ్లు పెట్టారు, తర్వాత అరచెయ్యి పెట్టారు. అలాగే మంచం మీద కూర్చుండిపోయారు. మొన్న బిగుతు, ఇవాళ ఇంత వదులు. అది ఏ కోటూ చేయదని ఆయనకి తెలియదా? కోటు విప్పి తిరగేసి, లైనింగు కుట్టు బొటనవేలి గోటితో తెంపారు. లోపల మడిచిన గుడ్డంతా బయటపడింది. ఆ మడత వెంట కింది నుంచి పైదాకా వేలు నడిపించారు. త్రాసు కింద అతికించిన సీసం ముక్కని పట్టుకున్నప్పుడు అలాగే చేస్తారు, నేను చూశాను.

"పని శుభ్రంగా ఉంది. నేనైతే పట్టుకోలేకపోయేవాణ్ణి" అన్నారు.

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదండీ. నేనొక్కదాన్నే."

నీ పేరు చెప్పలేదు. చెప్పను కూడా.

చాలాసేపటికి "ఇంటికి వెళ్లగానే మొత్తం విప్పేయ్. నా కోటు నాకివ్వు" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. వచ్చీ రాగానే ఆయన పక్కనే కూర్చుని విప్పాను. ఊడిన దారాలు ఆయనే ఏరి చేతిలో పెట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని దుప్పటిలా చుట్టుకుని కూర్చుంటున్నారు. పొద్దున్నే గుండీ కింద చెయ్యి పెట్టి నాకు పైకి చదివి చెబుతారు, "ఇవాళ పిడికిలి", "ఇవాళ పిడికిలి మీద వేలు" అని. నేను ఊఁ కొట్టాలి. ఊరుకుంటే "విన్నావా?" అంటారు.

హాస్టల్ ఎవరికైనా అప్పగించి వచ్చెయ్యి. నీ కోసం అడుగుతున్నారు.

మీ వదిన

&nbsp;

జనవరి 2

వదినకి,

నీ ఉత్తరం పండగ రద్దీలో ఎక్కడ ఇరుక్కుందో, ఇవాళ చేరింది. రేపో ఎల్లుండో ఏ బండి దొరికితే ఆ బండికి బయలుదేరుతున్నాను. మీ ఇంటికి వచ్చి నోటితో అనలేనని ఇది రాసి ముందే పోస్టులో పడేస్తున్నాను.

నాకు ఫోనులో గొంతు ఒక్కటే వినిపించింది. నీకు మనిషి కనిపించాడు. చేతులు సన్నగా ఉన్నాయని నువ్వే రాశావు, తిండి తగ్గిందనీ నువ్వే రాశావు. రాసి, కుట్టు వదులు చేసుకుంటూ కూర్చున్నావా? డాక్టరు నీ మొహం చూసినప్పుడు ఒక్క మాట, ఒకే ఒక్క మాట, నీ నోట్లోంచి ఎందుకు రాలేదు? బెల్టు సంగతి చెప్పింది నేనే. ఒళ్లు చేశాడన్నదీ నేనే. తెలుసు, గుర్తు చేయకు.

కానీ మొదలుపెట్టింది నీ సూది. ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తోంది, ట్రంకు దింపిన రోజే నువ్వు ఆశ వదులుకున్నావు. బతుకుతాడనుకున్న మనిషి కొలత ఎవరూ తగ్గించరు. నా అన్నని నువ్వు ముందే చిన్నవాణ్ణి చేసి పక్కన పెట్టేశావు.

చెల్లెలు

&nbsp;

మార్చి 14

వదినా,

నేను వచ్చేసరికే అన్నయ్య లేడు. మీ ఇంట్లో నేనున్న ఆ నాలుగు రోజులూ నీ దగ్గరికి రాలేకపోయాను. నా ఉత్తరం చదివేశావని తెలిసి నీ కళ్లల్లోకి చూసే ధైర్యం లేకపోయింది. నువ్వూ పలకరించలేదు. పలకరించకపోవడమే న్యాయం అనుకుని వచ్చేశాను.

అడగడానికి మొహం లేదు, అయినా అడుగుతున్నాను. ఆ కోటు నాకు పంపగలవా? ఇవ్వాలని లేకపోతే జవాబు కూడా రాయకు, అర్థం చేసుకుంటాను.

పిచ్చుక

&nbsp;

మార్చి 30

పిచ్చుకా,

కోటు పార్సిల్ చేశాను. లోపల పాత కుట్ల గీతలు కనిపిస్తాయి. ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు. ఇంతకంటే శుభ్రంగా నాకు రాదు.

నీ జనవరి ఉత్తరం నేను అప్పుడు చదవలేదు. షాపుకి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను కదా, నువ్వు వెళ్లిపోయిన వారానికి యజమాని ఇచ్చారు. నువ్వు నా వైపు చూడకపోతే అది నీ దుఃఖం అనుకున్నాను. కదిలిస్తే ఇంకా ఏడుస్తావని ఊరుకున్నాను. ఒకే గదిలో నాలుగు రోజులు కూర్చుని ఇలా అనుకున్నాం ఇద్దరం. ఆయన ఉంటే ఇద్దర్నీ చెరో పళ్లెంలో కూర్చోబెట్టి తూచేవారు.

ఆఖరి రోజుల్లో ఆయన కోటు కొలత చెప్పడం మానేశారు. నేనే అడిగాను, ఎంత దూరిందండీ అని. "కాటా పక్కన పెట్టేశాం, ఇక ఊరుకో" అని నా చెయ్యి తీసుకెళ్లి గుండీ కింద పెట్టుకున్నారు. అక్కడే ఉంచుకున్నారు. క్షమించారో లేదో నాకు తెలియదు. అడగలేదు.

నువ్వు రాసినదానిలో చాలావరకు నిజమే. డాక్టరు ముందు నోరు విప్పకపోవడం నా తప్పే, అది నేను పోయేదాకా నాతోనే ఉంటుంది. నువ్వు అననివ్వకపోయినా అంటాను, అందులో నీకు వాటా ఇవ్వను. ఒక్క మాట మాత్రం తప్పు రాశావు. ట్రంకు దింపిన రోజే ఆశ వదులుకున్నానని.

నిన్న బీరువా మార్చాను. ఎండలు ముదిరాయి, మార్చక తప్పలేదు. స్వెట్టర్లు ట్రంకులోకి తోసి, వేసవి బట్టలు పైకి తీశాను. ఉతికించాలని అక్టోబరులో షాపులో ఉంచుకున్నానని రాశానే, ఆ చొక్కాలు. ఉతికించడం ఒక్కటే కాదు పిచ్చుకా, వాటినీ బిగించాను. నీకు చెప్పడానికి భయమేసి రాయలేదు. కోటు కంటే ఎక్కువే లోపలికి పట్టాను. వేసవికి ఇంకా చిక్కిపోతారని లెక్క వేసుకున్నాను. కాలరు తగ్గించాను, చేతులు తగ్గించాను, కాజాలు మళ్లీ కుట్టాను. ఒక్కటీ వదల్లేదు.

ఆశ వదులుకున్నదాన్నైతే వేసవి చొక్కాలతో నాకేం పని?

అవి ఇప్పుడు ఎవరికీ పట్టవు. మగవాళ్లెవరికీ అంత చిన్న కొలత ఉండదు. విప్పి పెద్దవి చేద్దామని ఒకటి చేతిలోకి తీసుకుని, విప్పలేక, నేనే తొడుక్కున్నాను. అద్దం ముందు నిలబడి గుండీ పెట్టుకుని చూశాను. నాకు సరిగ్గా సరిపోయింది. నేనెంత ఉంటానో నీకు తెలుసు. అంత మనిషిని ఇంతవాడిగా లెక్క వేసి కూడా, వేసవికి ఉంటారనే అనుకున్నాను.

ఇవాళ అదే వేసుకుని పనికి వచ్చాను. యజమాని చూసి, ఎవరు కుట్టారమ్మా, కొలత బాగా కుదిరింది అన్నారు.

కోటు అందగానే రాయి. ఇక షాపుకి రాయనక్కర్లేదు. ఇంటికే రాయి, నేనే విప్పుతాను.

మీ వదిన